పెళ్ళికాక ముందే విధవైన చుక్క

దక్షిణాన పక్కపక్కనే వెలిగే రెండు పెద్ద చుక్కలను, మకస్సర్ దగ్గరి మా దీవి పడవవాళ్ళు 'పెళ్ళికాక ముందే విధవైనది' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు మాత్రం మగవాడే అయివుంటాడు. అంత వెలుగున్న దాన్ని చూస్తే ఆడదానికి అలాంటి పేరు పెట్టబుద్ధి కాదు. పోనీ, పెట్టారు. ఆకాశంలోనే ఉండనిచ్చినా బాగుండేది. దాన్ని కిందికి దించి జుహేరా నెత్తిన రుద్దారు.

ఆ చుక్క కథ మా దగ్గర పాలు మరిచిన ప్రతి పిల్లకూ తెలుసు. విధవ పక్కనే నాలుగు చుక్కల ఇల్లొకటి ఉంటుంది. దాని గుంజల్లో ఒకటి కురచ. కుంటి ఇల్లు అంటారు. ఆ ఇల్లు కడుతున్న వడ్రంగి, ఎదురింట్లో కూర్చున్న ఈ అందగత్తెను చూస్తూ చూస్తూ కొలత మరిచి గుంజను పొట్టిగా కోశాడట. తప్పు వడ్రంగిది, చెడ్డపేరు ఆమెది. లోకం ఎప్పుడూ ఇంతే కదా.

జుహేరా తండ్రి సక్కా ఇంజన్లు రాని రోజుల్లో పేరున్న సరంగు. తల్లి చిన్నప్పుడే పోయింది. అన్న బద్దూ, ఆమె, అంతే సంసారం. సక్కా పడవలో పనిచేసే సల్లే అనే కుర్రవాడికి ఆమెనిచ్చి నిఖా చదివించారు. విందు మాత్రం ఆ ఏటి బేరం ముగిసి పడవ తిరిగొచ్చాక అనుకున్నారు. మాలో అది మామూలే. మాట చదివేస్తారు, విందు జరిగేదాకా పిల్ల పుట్టింట్లోనే ఉంటుంది, పిల్లవాడు ఆ గడప తొక్కకూడదు. సల్లే గడప తొక్కలేదు, నిజమే. మా ఇళ్ళు గుంజల మీద ఎత్తుగా ఉంటాయి కాబట్టి, రోజూ ఇంటి కిందికొచ్చి, చుట్ట ముట్టించుకోవాలి, నిప్పు కావాలని పైకి అరిచేవాడు. జుహేరా నేల బద్దల సందులోంచి కొబ్బరి చిప్పలో నిప్పుకణం దింపేది. వాడి జేబులో అగ్గిపెట్టె గలగలలాడటం ఆమెకు పైకి వినబడుతూనే ఉండేది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కునేది.

పడవ సుంబావా దీవి వైపు బియ్యానికి పోయింది. తూర్పుగాలి ఇంకా నిలకడకు రాని నెల అది. పోయిన పడవ రాలేదు. కొన్నాళ్ళకు బుటన్ దీవి వాళ్ళ పడవలో వంటవాడూ ఇంకో ఇద్దరూ మాత్రం ఎండి వరుగులై దిగారు. గాలివాన కొట్టిందనీ, దిక్సూచి దగ్గర దీపం ఆరిపోయిందనీ, సల్లే చుక్కాని పట్టుకుని ఉండగా, ఉండకూడని చోట పడవ పగడపు దిబ్బకెక్కిందనీ చెప్పారు. సక్కా మునిగిపోవడం కళ్ళారా చూశారు. సల్లేను చూసినవాడు లేడు. ఇమాము కొంతకాలం ఆగమన్నాడు. ఆగారు. తరువాత శవాలు లేకుండానే ఇద్దరికీ కలిపి నమాజు చదివారు. అలా జుహేరా విందు తినకుండానే విధవైంది.

ఆ మాట మొదట అన్నది ఒక ముసలి సరంగు. చనిపోయాడు, పేరెందుకు. దినాల భోజనం తిని చెయ్యి కడుక్కుంటూ, "అయ్యో పాపం, మన చుక్క కిందికి దిగొచ్చింది" అన్నాడట. జాలిపడే అన్నాడు. జాలితో అన్న మాటే ఎక్కువకాలం అంటుకుంటుంది. తిట్టు అయితే ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోయేది.

అక్కణ్ణుంచి ఆమె బతుకు ఒక వాటంగా సాగింది. పడవలు బయలుదేరే పొద్దున ఆమె ఒడ్డుకు రాకూడదు. ఎవరి ఇంటి గుంజ నిలబెడుతున్నా ఆ దారిన పోకూడదు. ఎవరూ మొహం మీద చెప్పలేదు, కానీ ఆమె వస్తుంటే ఉలి పట్టినవాడు ఉలి కింద పెట్టి బీడీ వెతుక్కునేవాడు. జుహేరా తెరచాప గుడ్డ నేసేది. ఆమె నేత గాలికి చిరగదని సరంగులంతా ఆమె దగ్గరికే వచ్చేవారు. గుడ్డ కావాలి, గుడ్డ నేసిన మనిషి మొహం వద్దు. ఇంత సిగ్గులేని ఊరు నాది.

బద్దూ మాత్రం చెల్లెల్ని కళ్ళల్లో పెట్టుకునేవాడు. వాడు నోటి దురుసు మనిషి. నాన్న నడుము కత్తిని తన నడుముకు కట్టుకుని తిరిగేవాడు. చెల్లెలి వెనక ఎవడన్నా ఇకిలిస్తే ఆ కత్తి పిడి మీద చెయ్యి పడేది. పెళ్ళాం వచ్చింది, పిల్లలు పుట్టారు. అయినా మొదటి ముద్ద చెల్లెలు తినాలి. ఈ లోకంలో జుహేరాకు మిగిలిన సొంత నెత్తురు ఆ ఒక్కడే.

కొంతకాలానికి బద్దూ సొంత ఇల్లు కట్టాలనుకున్నాడు. గుంజలకు గట్టి కర్ర కోసం సముద్రం దాటి కాలిమంతాన్ పోయాడు. కర్ర తెచ్చాడు గానీ మనిషి పాలిపోయి వచ్చాడు. చలిజ్వరం పట్టిందన్నారంతా. చాలా రోజులు గోడకు తిరిగి పడుకున్నాడు. లేచాక కూడా మునుపటి దురుసు లేదు. ఇంటిపనికి అవతలి గట్టు నుంచి ఉసేంగ్ అనే వడ్రంగిని పిలిపించాడు. పెళ్ళాం చనిపోయిన మనిషి, పిల్లల్లేరు. మంచి పనివాడు. కొంచెం వాగుడుకాయ.

పరాయి ఊరివాడు కాబట్టి ఉసేంగ్‌కు జుహేరా అంటే జంకు లేదు. ఆమె కాఫీ, ఉడికించిన కర్రపెండలం పట్టుకొస్తే మిగతావాళ్ళు పని ఆపేసేవారు, ఇతను మాత్రం కోస్తూనే మాట్లాడేవాడు. జుహేరా అతన్ని, మాలో మర్యాదకు పిలిచే మాటతో, డేంగ్ అనేది. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకనాడు నిజంగానే ఒక గుంజను కురచగా కోశాడు. ఇంకేముంది! ఊరు ఊరంతా అక్కడే ఉంది. పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళు నవ్వారు, ముసలివాళ్ళు తలలు ఊపారు. కుంటి ఇల్లు కట్టాడురా, చుక్క చూసి కట్టాడురా అని పిల్లలు పాట కట్టారు. జుహేరా కాఫీ పళ్ళెం అక్కడే పెట్టి ఇంట్లోకి పోయింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

పొద్దువాలాక ఉసేంగ్ మెట్ల కింద నిలబడి పిలిచాడు.

"అమ్మాయ్, కొలత తప్పింది నేను. నువ్వెందుకు మొహం దాచుకుంటావు?"

"మీకేం డేంగ్. మీరు పడవెక్కి పోతారు. మాట పడేది నేను."

"గుంజ కింద రాయి పెట్టాను. ఇప్పుడు అన్నిట్లోకీ అదే గట్టిగా ఉంది. ఆకాశంలో ఆ వడ్రంగి వెధవకు రాయి పెట్టాలని తోచలేదు, అంతే తేడా."

జుహేరా పైనుంచి నవ్వింది. గట్టిగా, అందరికీ వినబడేలా నవ్వింది. వంటింట్లో వదిన చేతిలో గరిటె అలాగే నిలిచిపోయిందట, ఈ ఇంట్లో ఆ నవ్వు విని అన్నేళ్ళయింది మరి.

ఇల్లు పూర్తవుతూ ఉండగా ఉసేంగ్ పెద్దమనుషుల్ని పంపి జుహేరాను అడిగించాడు. జుహేరాకు అతను నచ్చాడు. దాచేదేముంది. చేతి నిండా చెక్కపొట్టు, మాట నిండా వెటకారం, కళ్ళల్లో ఆమె పేరు పట్ల భయం లేదు. అంతకంటే ఏం కావాలి? బద్దూ అయితే వెర్రి సంతోషపడ్డాడు. ఇంటింటికీ పోయి తనే చెప్పాడు. నీ ఇష్టం ఏమిటని చెల్లెల్ని అడుగుతూ చేతులు పట్టుకున్నాడు. ఎంతకీ వదలకపోతే జుహేరాకు ఆశ్చర్యం వేసింది. ఆలోచించి చెబుతాను అంది, ఆడపిల్ల వెంటనే సరేననకూడదు కాబట్టి. లోపల ఎప్పుడో సరేనంది.

ఆ వారంలోనే పక్కింటి సనవియా వచ్చింది. కూతురి పురిటికని కాలిమంతాన్ పోయి తిరిగొచ్చిన మనిషి. ఇద్దరూ ఒడ్డున కూర్చుని ఎండుచేపలకు ఉప్పు పడుతున్నారు. సనవియా ఒకే చేపకు మళ్ళీ మళ్ళీ ఉప్పు రుద్దుతుంటే ఏమైందక్కా అని జుహేరానే అడిగింది.

"ఖురాను మీద ఒట్టేసి చెప్పు, ఎవరికీ చెప్పనని."

వేసింది.

"సల్లే ఉన్నాడే. నా కళ్ళతో చూశాను. రేవులో వలలు బాగుచేస్తున్నాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. పెళ్ళాం ఉంది, పిల్లలున్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు, తరువాత వెంటపడి వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, ఊళ్ళో చెప్పొద్దని. నేనేమీ అడిగేలోపే వెళ్ళిపోయాడు."

జుహేరా చేతిలో చేప చేతిలోనే ఉంది. మొదట ఆమెకు కోపం రాలేదు. బతికున్నాడు కదా అని ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. ఆ తరువాత వచ్చింది కోపం. తాను ఒడ్డుకు పోకుండా ఇంట్లో దాక్కున్న పొద్దులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అన్నాళ్ళూ వాడు అక్కడ పిల్లల్ని ఎత్తుకుని తిరిగాడు. సనవియా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. చూసినవాళ్ళు పెళ్ళి కుదిరిన సంతోషమనుకున్నారు.

ఏడుపు ఆగాక అసలు సంగతి తెలిసొచ్చింది. మొగుడు బతికుంటే ఆమె విధవ కాదు, వాడి భార్య. వాడు తలాక్ చెప్పకుండా ఉసేంగ్‌ను చేసుకుంటే, దేవుడి ముందు వ్యభిచారం. తలాక్ చెప్పించాలంటే వాడు బతికున్నాడని బయటపెట్టాలి. బయటపెడితే బద్దూ ఊరుకోడు. నాన్నను ముంచినవాడు, చెల్లెల్ని వదిలేసి ఇంకొకతెను కట్టుకున్నవాడు. మాలో ఇలాంటివాటికి తీర్పు చెప్పే పని పంచాయతీకి లేదు, నడుముకున్న కత్తికే ఉంది. కత్తి దూయని మగవాణ్ణి మనిషి కింద లెక్కకట్టరు. ఉత్తరపు కొసన ఉండే ఒకతను ఇంతకంటే చిన్నదానికి పొడిచి, తల నెరిసేదాకా మకస్సర్ జైల్లో ఉన్నాడు. పెళ్ళాం పిల్లలు చేపలు అడుక్కుని బతికారు. బద్దూ పోతే పొడిచి జైలుకు పోతాడు, లేదా తనే పొడిపించుకుంటాడు. రెండూ కాక తిరిగొస్తే ఊరు బతకనివ్వదు.

ఉసేంగ్ కావాలా, అన్న కావాలా. అంతే లెక్క.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఆమె బావి దగ్గర నిలబడింది. కొత్తగా వచ్చిన బడి పంతులు పిల్లలకు చుక్కలు చూపిస్తున్నాడు. విధవ జంటలో పెద్దగా వెలిగేది నిజానికి ఒక్క చుక్క కాదట. రెండు చుక్కలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మనకు ఒక్కటిగా కనబడతాయట. వాటికి దూరంగా ఇంకో చిన్నది కూడా ఉందనీ, అది మామూలు కంటికి అసలు ఆననే ఆనదనీ చెప్పాడు. మరి ఆ మూడోది ఎందుకు తిరుగుతోంది మాస్టారూ అని జుహేరా అడిగింది. పంతులు నవ్వి, కట్టుబడింది కదమ్మా, తిరగక ఏం చేస్తుంది అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం. ఆమె కడవ నింపకుండానే ఇంటికొచ్చి, ఆ పంతుల్ని, ఆ చుక్కల్ని, సల్లేను కలిపి నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

మర్నాడు అన్నతో పెళ్ళి వద్దంది. ఎందుకని అడిగితే వద్దు అంతే అంది. బద్దూ బతిమాలాడు, అరిచాడు, కొత్త ఇంటి గోడకు తల బాదుకున్నాడు. "ఇంకెవడొస్తాడే నీకోసం? ఎవడొస్తాడు?" అని అడిగాడు. ఉసేంగ్ కూడా స్వయంగా వచ్చాడు. ఆ రోజు అతను వెటకారం చెయ్యలేదు.

"నా మీద కోపమా?"

"లేదు డేంగ్."

"ఆ పేరుకు నేను భయపడతాననుకున్నావా?"

"మీరు భయపడరు. నేనే భయపడుతున్నాను. వెళ్ళిపోండి."

అతను తరువాతి పడవకే పోయాడు. అవతలి గట్టున ఎవరినో చేసుకున్నాడని కొన్నాళ్ళకు తెలిసింది. ఊరు మాత్రం తన తీర్పు తను చెప్పేసింది. చుక్క చుక్కే, దానికి పెళ్ళి రాసిలేదు అన్నారు. బద్దూ చాలాకాలం చెల్లెలితో మాట్లాడలేదు. తరువాత మాట్లాడాడు గానీ వాళ్ళ మధ్య ఏదో విరిగింది. ఒకే ఇంట్లో, ఒకే కుండలో తింటూ, ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకోకుండా ముసలివాళ్ళయ్యారు. సనవియా ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకుండానే కన్నుమూసింది. పడవలకు ఇంజన్లు వచ్చాయి, జుహేరా నేసే గుడ్డ అడిగేవాడు లేకుండా పోయాడు. ఆమె పాత తెరచాపలను ధాన్యం ఎండబోసుకునే పరదాలుగా కుట్టి ఇచ్చేది.

బద్దూకు ఊపిరితిత్తులు చెడ్డాయి. వదిన అప్పటికే లేదు. జుహేరా పక్కన కూర్చుని గంజి తాగిస్తుంటే, ఒక మధ్యాహ్నం వాడు చిప్ప పక్కకు నెట్టి, తలుపు వెయ్యమన్నాడు.

"నీకు ఒక ద్రోహం చేశాను చెల్లీ. చెప్పకుండా పోతే అక్కడ జవాబు చెప్పలేను. సల్లే చావలేదు. గుంజల కర్ర కోసం పోయినప్పుడు చూశాను వాణ్ణి."

జుహేరా చేతిలో చిప్ప కింద పెట్టింది.

"వాణ్ణి వాడి ఇంటి ముందే పట్టుకున్నాను. వాడే చెప్పాడు అంతా. దీపం ఆరిపోయాక మబ్బు సందులో ఒక్క చుక్క కనబడిందట. విధవే అనుకుని దానివైపు తిప్పాడట. అది పడమటి పక్కకు దిగిపోయే ఇంకో పెద్ద చుక్క. నాన్నను చంపింది నేనే, ఏ మొహం పెట్టుకుని వచ్చేదన్నా అని ఏడ్చాడు. కత్తి దూశాను. దూసి నిలబడ్డాను. లోపల్నుంచి చంటిపిల్ల ఒకటి పాకుతూ వచ్చి వాడి కాలు పట్టుకుంది. నాకు చెయ్యి రాలేదే. నాన్నను తలుచుకున్నాను, నిన్ను తలుచుకున్నాను. అయినా రాలేదు."

దగ్గు తెర వచ్చింది. ఆమె వీపు నిమిరింది. తెరిపి పడ్డాక వాడు మళ్ళీ మొదలుపెట్టాడు.

"అక్కడి మసీదు పెద్దను పిలిచి, ఆయన ఎదుట వాడితో మూడుసార్లు తలాక్ చెప్పించాను. అప్పుడే నీకు విడుదలైపోయింది. వచ్చి చెబుదామనుకున్నాను. చెబితే, దూసిన కత్తిని మళ్ళీ ఒరలో పెట్టుకున్నవాడు నీ అన్న అని తెలిసిపోతుంది. ఊరు ఉమ్మేస్తే ఉమ్మేసింది, నువ్వు నన్ను అలా చూస్తే ఎలా బతికేది? ఉసేంగ్ వచ్చినప్పుడు అల్లా నా మొర విన్నాడనుకున్నాను. నువ్వేమో వద్దన్నావు. ఎందుకు వద్దన్నావు చెల్లీ? చచ్చిన మొగుణ్ణి తలుచుకునేనా? నేను నోరు విప్పి ఉంటే చేసుకునేదానివేనా?"

జుహేరా అన్న మొహంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళ తరువాత సూటిగా చూడటం అది. నీకోసమే వద్దన్నానన్నా, నువ్వు కత్తి పట్టుకుని పోతావని, అనబోయింది. వాడి కళ్ళు చిన్నపిల్లవాడి కళ్ళలా భయంభయంగా ఆమె నోటినే చూస్తున్నాయి.

"అతను నాకు నచ్చలేదన్నా," అంది. "నోరు తెరిస్తే వాగుడు. అలాంటివాడితో ఎవరు వేగుతారు?"

"అంతేనా?"

"అంతే. నువ్వు చెప్పినా చేసుకునేదాన్ని కాదు."

బద్దూ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నవ్వుతున్నాడు కూడా. "ఇన్నాళ్ళూ నీ గొంతు నేనే కోశానని కుమిలిపోయాను కదే, పిచ్చిదానా," అన్నాడు. కాసేపటికి చాలాకాలంగా పట్టని నిద్ర పట్టింది. అలా నిద్రలోనే, మర్నాడు శుక్రవారం పొద్దున పోయాడు.

వాడు నిద్రపోయిన ఆ మధ్యాహ్నం జుహేరా వంటింట్లోకి వచ్చింది. బద్దూ కోడలు, మామ ఏమంటున్నాడత్తా అని అడిగింది. గంజి చప్పగా ఉందట అని చెప్పి, ఆమె బియ్యం కడగడానికి కూర్చుంది. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగింది. ఉసేంగ్ పెద్దమనుషుల్ని పంపి అడిగించిన రోజుకే సల్లే తలాక్ అయిపోయింది, తనకు ఏ అడ్డూ లేదు. సరేనంటే సరిపోయేది. అది తలుచుకుంటూ ఆమె నీళ్ళు మార్చి ఇంకోసారి కడిగింది. చాల్లే అత్తా, బియ్యం అరిగిపోతాయి అని కోడలు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుంది.